నిలువు తొట్టి, పద్నాలుగు చేపలు

మనిషి సంస్కారం ఎంతటిదో అతని హాల్లో ఉన్న చేపల తొట్టి చెబుతుంది!

ఈ మహావాక్యాన్ని ప్రొఫెసర్ కమలాకర్ గారు తార్నాకలోని తమ మూడో అంతస్తు ఫ్లాటులో, సోఫా మీద కూర్చుని సెలవిచ్చే సమయానికి, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న నిరోష ఆ సంస్కారంలోంచి రెండు బకెట్ల మురికినీళ్లు తోడేసి మూడో బకెట్ పెట్టింది.

ఉదయం ఏడు దాటింది. రబ్బరు గొట్టం ఒక కొస తొట్టిలో, ఇంకో కొస బకెట్లో ఉంది. తొట్టి అడుగున పేరుకున్న మడ్డిని అందుకోవాలంటే నిరోష ప్లాస్టిక్ స్టూలెక్కి భుజం దాకా చెయ్యి ముంచాలి. రెండు నెలలుగా ఆమె కుడిచేతికి పాచి వాసన పోవడం లేదు.

"బకెట్ చప్పుడు రానీయకు నిరోషా, సార్ ఆలోచిస్తున్నరు," అన్నది వంటింట్లోంచి ఆయన భార్య పద్మశ్రీ.

సార్ నిజంగానే ఆలోచిస్తున్నారు. ఆ సాయంత్రం నాలుగు గంటలకు, యూనివర్సిటీని చూడటానికి వచ్చిన తనిఖీ సంఘం అధ్యక్షురాలు ఆ ఇంటికి చాయ్‌కి వస్తున్నారు. ఆమె మెచ్చుకుంటే కమలాకర్ గారు డీన్ అవుతారు. మెచ్చుకోకపోతే ఇప్పుడున్నట్టే ఉంటారు. ఇప్పుడున్నట్టే ఉండటం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు.

ఆ తొట్టి ఒక సన్మానంలో వచ్చింది. సన్మానం చేసినవాళ్లు శాలువాతో ఊరుకుని ఉంటే బాగుండేది. ఫొటోలో సార్ పక్కన నిలబెడితే నిండుగా కనిపించాలని ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, మూడు అడుగుల ఎత్తుతో ప్రత్యేకంగా చేయించారు. దూరం నుంచి చూస్తే లిఫ్టులా ఉంటుంది. కాకపోతే ఇందులో ఎక్కినవాళ్లు దిగరు.

కమలాకర్ గారు జంతుశాస్త్ర ఆచార్యులు. ముప్పై ఏళ్ల కింద కప్ప మూత్రపిండం మీద డాక్టరేట్ పొందారు. ఆ తర్వాత ఆయన కప్పల జోలికి పోలేదు, కప్పలూ ఆయన జోలికి రాలేదు. ప్రస్తుతం క్యాంపస్‌లో 'జలచర కరుణా కేంద్రం' సమన్వయకర్త. ఆ కేంద్రానికి ఒక బోర్డు, ఒక తాళం ఉన్నాయి.

నిరోష పరిశోధన పొలం కాలువల్లోని నత్తల మీద. ఆరేళ్లు కాలువ గట్ల మీద కూర్చుని చూసింది, చూసింది రాసింది. రాసింది అచ్చయి, నల్ల అట్ట వేసుకుని, ఆ ఇంటి టీపాయ్ కింద పాత పేపర్ల మధ్య రెండు నెలలుగా విశ్రాంతి తీసుకుంటోంది. అందులో ఒక పేజీ మీద గైడ్ సంతకం, తేదీ, సీలు పడాలి. గడువు ఈ నెల ముప్పై. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. ముప్పై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్లూ కాలువలో కలిసినట్టే.

అడిగినప్పుడల్లా సార్ ఒకటే చెప్పేవారు.

"తొట్టి సెట్ కానివ్వమ్మా. సంతకానికేముంది, ఒక్క నిమిషం పని."

ఆ రోజు తేదీ ఇరవై తొమ్మిది.

* * *

తొట్టి సెట్ కావడమంటే మామూలు విషయం కాదు. దానికి జూలైలోనే ఒక ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షులు కమలాకర్ గారు, సభ్యురాలు పద్మశ్రీ, కన్వీనర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ సుదర్శన్, ప్రత్యేక ఆహ్వానితురాలు నిరోష. ప్రత్యేక ఆహ్వానితులంటే చాయ్ అందించేవాళ్లు.

ఒక ఆదివారం పొద్దున ఆ హాల్లోనే సమావేశం జరిగింది. సుదర్శన్ సమావేశపు మినిట్స్ ముందే టైపు చేసి తెచ్చాడు. వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో పద్ధతే అది. సమావేశం అయ్యాక రాయాలంటే ఎవరేమన్నారో గుర్తు పెట్టుకోవాలి. ముందే రాసుకుంటే ఆ బాధ లేదు, పైగా సభ్యులు దారి తప్పకుండా ఉంటారు! చేపల పేర్లకు, సంఖ్యకు మాత్రం ఖాళీలు వదిలాడు. అది ప్రజాస్వామ్యం.

నిరోష రెండు పేజీల నోట్ రాసుకొచ్చింది. ఇంట్లోని తొట్టి విషయం కదా అని అలవాటైన మాటల్లో, తన ఊరి కాలువ సంగతి కూడా కలిపి, తెలుగులో రాసింది.

"సార్, తొట్టి ఎత్తున్నది గానీ మూతి చిన్నది. నీళ్లకు గాలి అందేది మూతి కాడనే. చేపలు అడ్డంగ ఈదుతయ్, నిలువుగ కాదు. ఇండ్ల ఒక్క ఫైటర్ చేప పెట్టొచ్చు సార్. అది పైకొచ్చి గాలి పీల్చుకుంటది. పైదాక మొక్కలు పెడితే ఆకు మీద ఒరుగుతది. ఓ ఆరు చిన్న రొయ్యలు, రెండు నత్తలు. అవి పాచి తింటయ్. ఇగ అంతే."

సుదర్శన్ కలానికి మూత పెట్టాడు.

"ఒక్కటా?" అన్నది పద్మశ్రీ. "మూడడుగుల తొట్టిల ఒక్క చేపా? వచ్చినోళ్లు ఏమనుకుంటరు? కడమయి వండుకున్నరు అనుకోరూ!"

"రొయ్యల సంగతి మరీ అన్యాయం మేడం," అన్నాడు సుదర్శన్.

"అవును! మనం ప్యూర్ వెజ్ అని అపార్ట్‌మెంట్ అంత చెప్పుకున్నం. హాల్ల రొయ్యలు తిరిగితే ఏం చెప్పాలె?"

కరుణా కేంద్రం బాధ్యత తీసుకున్ననాటి నుంచి ఆ ఇల్లు శాకాహారానికి మారింది. ప్రతి ఆదివారం సుదర్శన్ జవాబు పత్రాల కట్ట అని తెచ్చే పార్సిల్‌లోంచి మసాలా వాసన ఎందుకొస్తుందో నిరోష ఎప్పుడూ అడగలేదు. ఆ ఆదివారం కట్ట సోఫా పక్కనే ఉంది, ఇంకా వేడిగా.

కమలాకర్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఇంట్లో కూడా రేడియోలో మాట్లాడినట్టే మాట్లాడతారు. "నత్తలు! పొలాల్లో కాళ్ల కింద నలిగే ప్రాణులు. అమ్మా నిరోషా, నీ థీసిస్‌ను దయచేసి నా హాల్లోకి తీసుకురాకు."

తర్వాత ఎంపిక చకచకా సాగింది.

"తొట్టి నిలువుగున్నది, ఏంజెల్ ఫిష్ కూడ నిలువుగుంటది సార్. మీ పర్సనాలిటీకి కరెక్ట్ సెట్ అయితది. రెండు," అన్నాడు సుదర్శన్.

"ఎనిమిది గోల్డు, ఒక నలుపు. ఫోన్ల చూసిన, వాస్తుకు తొమ్మిది ఉండాల్నట," అన్నది పద్మశ్రీ. "సోఫా కవర్లు నారింజ రంగు కదా, దానికి మ్యాచింగ్ ప్యారట్ ఫిష్ ఒక జత. ఇగ కడిగేటందుకు ఒక సక్కర్ చేప."

"మేడం, సక్కర్ అడుగు పొడుగు పెరుగుతది," అన్నది నిరోష. "తొట్టి వెడల్పే అడుగు. మళ్లనీకి జాగ ఉండది."

"దానికి మళ్లే పనేంది? క్లీన్ చేస్తది, అంతే," అన్నాడు సుదర్శన్. డిపార్ట్‌మెంట్‌లో అతను అందరి గురించీ అలాగే ఆలోచిస్తాడు.

మొత్తం పద్నాలుగు. సుదర్శన్ ఖాళీలు నింపి గట్టిగా చదివాడు. "పరిశోధక విద్యార్థిని కుమారి నిరోష శాస్త్రీయ సిఫారసు మేరకు పద్నాలుగు చేపలను ఏకగ్రీవంగా ఎంపిక చేయడమైనది."

"నేను గట్ల సిఫారసు చెయ్యలే గదా సార్?"

"నోట్ ఇచ్చినవా లేదా?"

"ఇచ్చిన."

"నోట్ ఇస్తే సిఫారసు చేసినట్టే. ఏం సిఫారసు చేసినవన్నది డీటెయిల్."

* * *

నల్లకుంటలో చేపల దుకాణం కొమురెల్లి, నిరోష చేతులతో తొట్టి కొలత చూపిస్తే పడీ పడీ నవ్వాడు.

"అక్కా, అది తొట్టి గాదు, బాయి. అండ్ల పద్నాలుగా? ఒక్క ఫైటర్‌ను ఏస్కో, దాని మానాన అది బతుకుతది."

"నేను గదే చెప్పిన అన్నా."

"మరి?"

"కమిటీ ఒప్పుకోలే."

"చేపలకు గూడ కమిటీనా?" కొమురెల్లి జాలిగా చూశాడు, చేపల వైపా నిరోష వైపా అనేది తెలియలేదు. "అమ్మేటోన్ని, నాకేంది! గానీ చూడు, వారానికోసారి మళ్ల వస్తవ్ నువ్వు."

కొమురెల్లి అంచనా తప్పింది. నిరోష మూడు రోజులకోసారి వెళ్లాల్సి వచ్చింది.

ప్రాణులు పోతాయి, సంఖ్య పోకూడదు. ఇది సార్ ఆజ్ఞ. డిపార్ట్‌మెంట్ హాజరు పట్టీలో ఎప్పుడూ నూటికి నూరు మంది ఉన్నట్టే, తొట్టిలో ఎప్పుడూ పద్నాలుగు ఉండాలి. నిరోష పొద్దున్నే, ఇంటివాళ్లు హాల్లోకి రాకముందే వచ్చి, వెల్లకిలా తేలినదాన్ని వలతో తీసి, అదే రంగు, అదే సైజుది ఆ ఖాళీలో నియమించేది. రెండు నెలల్లో ఆ తొట్టిలో పర్మనెంట్ ఉద్యోగి సక్కర్ చేప ఒక్కటే. మిగతావన్నీ తాత్కాలిక నియామకాలు.

ఎవరొచ్చినా సార్ తొట్టి దగ్గర నిలబడేవారు.

"ఈ పెద్ద గోల్డ్ ఫిష్ చూశారూ? మొదటిరోజు నుంచి నాతోనే ఉంది. నన్ను గుర్తుపడుతుంది!"

ఆ చేప ముందురోజు సాయంత్రమే ప్లాస్టిక్ కవర్లో సిటీ బస్సెక్కి వచ్చింది.

"నేను దగ్గరికి రాగానే అన్నీ పైకి వచ్చి నోరు తెరుస్తాయి. పలకరిస్తాయి!"

అవి గాలి కోసం వస్తున్నాయని నిరోషకు తెలుసు. ఆమె తల వంచుకుని బకెట్ ఎత్తుకుపోయేది.

ఆగస్టులో ఇంకొకటి జరిగింది. మాతృభాషలో శాస్త్రం అనే విషయం మీద క్యాంపస్‌లో సదస్సు. ప్రారంభోపన్యాసం సార్‌దే. పేపర్ మాత్రం లేదు. ముందురోజు సుదర్శన్‌ను పిలిచి, "తెలుగులో ఏదైనా ఉందా మన దగ్గర?" అని అడిగారు.

మన దగ్గర నిరోష నోట్ ఉంది. ఇంట్లో చెత్త అని పక్కన పడేసిన నోట్, పైన పేరు మారగానే ఉపన్యాసమైపోయింది. 'చిన్న నిలువు తొట్టిలో ఎవరు బతకగలరు?' రచన: ఆచార్య కమలాకర్. సార్ దాన్ని చదవలేదు. గొంతు బాగాలేదని సుదర్శన్ చేత చదివించి, తాను వేదిక మీద కునుకు తీశారు. చదువుతున్నంతసేపూ సుదర్శన్ మనసు పక్క హాల్లో మూతలు తీస్తున్న భోజనాల మీద ఉంది. నిరోష చివరి వరుసలో కూర్చుని తన వాక్యాలు ఒక్కొక్కటే విన్నది. అందరూ చప్పట్లు కొడితే ఆమె కూడా కొట్టింది. సదస్సు సంచికలో అది మొదటి వ్యాసంగా అచ్చయింది.

ఆ రాత్రి హాస్టల్‌లో ఆమె క్యాలెండర్ మీద ముప్పయ్యో తేదీ చుట్టూ సున్నా చుట్టింది. అంతకంటే ఏం చేయగలదు?

* * *

ఇరవై తొమ్మిదిన తనిఖీ సంఘం అధ్యక్షురాలు కృపారాణి గారు నాలుగు గంటలకు రావాలి. మూడూ నలభైకే వచ్చారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ముందుగా వస్తారని ఆ ఇంట్లో ఎవరూ ఊహించలేదు. చివరి గోల్డ్ ఫిష్‌ను లోపలికి వదులుతూ నిరోష ఇంకా స్టూలు మీదే ఉంది.

నెరిసిన జుట్టు, నేత చీర, చంకన గుడ్డసంచి. నిరోష ఆమెను ఎప్పుడూ చూడలేదు గానీ పేరు తెలుసు. దేశంలో మంచినీటి నత్తల మీద పని చేసినవాళ్లు కొద్దిమంది. థీసిస్ చివర ఇచ్చిన పుస్తకాల పట్టికలో ఆ పేరు పదకొండుసార్లు ఉంది. నిరోష గబగబా స్టూలు దిగి చాయ్ ట్రే అందుకుంది.

కృపారాణి కప్పు తీసుకుని తాగలేదు. తొట్టి ముందు నిలబడి పైనుంచి కిందికి చూశారు. పద్నాలుగు చేపల్లో పదమూడు మూతి దగ్గర గుమిగూడి నోళ్లు తెరుస్తున్నాయి. సక్కర్ అడుగున, గోడకు ముక్కు ఆనించి, మళ్లే వీలు లేక ఉంది.

"కమలాకర్ గారూ, సదస్సు సంచికల మీ పేపర్ చదివిన. చాన రోజులకు, కండ్లతోని చూసి రాసిన పేపర్ చదివిన అనిపించింది. అందుకే ఇంటికొస్త అన్న. మీ తొట్టి చూద్దామని."

"ఏదో, మీ అభిమానం మేడం. బాల్యం నుంచీ నీళ్లంటే నాకు ప్రాణం."

"ఒక్క ఫైటర్, ఆరు రొయ్యలు, రెండు నత్తలు అని రాసిన్రు. అవి యాడున్నయ్?"

కమలాకర్ గారు సుదర్శన్ వైపు చూశారు. సుదర్శన్ సక్కర్ వైపు చూశాడు.

"అది... సిద్ధాంతం మేడం. ఇది ఆచరణ."

"సిద్ధాంతం మీదైతే, ఆచరణ ఎవరిది?"

"ఈ అమ్మాయిది!" సార్ వేలు నేరుగా నిరోష మీదికి లేచింది. సుదర్శన్ అప్పటికే ఫైలు తెరిచి సార్ చేతికిచ్చాడు. "చూడండి మేడం, మినిట్స్. 'కుమారి నిరోష శాస్త్రీయ సిఫారసు మేరకు.' మేమెంత చెప్పినా వినలేదు. పల్లె నుంచి వచ్చిన పిల్ల కదా, రంగు చేపలంటే మోజు. కరుణ కొద్దీ ఊరుకున్నాను."

నిరోష చూపు టీపాయ్ కిందికి పోయింది. నల్ల అట్ట అంచు కనిపిస్తోంది. రేపు ముప్పై. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ అట్ట అక్కడే ఉండిపోతుంది. తెరవకపోతే, పదకొండుసార్లు పేరు రాసుకున్న ఆ మనిషి ముందు, చేపలకు ఊపిరి ఆడకుండా చేసిన మూర్ఖురాలిగా మిగిలిపోతుంది. ఆమె ట్రేను గట్టిగా పట్టుకుంది.

కృపారాణి, భుజం దాకా తడిసి ఉన్న నిరోష కుడిచేతిని ఒకసారి చూశారు. సంచిలోంచి సంచిక తీసి, కాగితం ముక్క పెట్టుకున్న పేజీ తెరిచారు.

"సరే, తొట్టి సంగతి ఇడ్సిపెడదాం. నాకు ఇండ్ల మస్తు నచ్చిన ముక్కొకటి ఉన్నది. చదువుత ఇనుండ్రి."

ఆమె కళ్లద్దాలు సరిచేసుకుని చదివారు. "'మా బుచ్చవ్వ కాలువలో బిందె ముంచేముందు నత్తలను చూసేది. నత్తలు నీళ్లు వదిలి పైకెక్కుతుంటే ఆ రోజు ఆ నీళ్లు ముంచేది కాదు. నీళ్లకు పాణం బాగలేదు అనేది. ఆరేళ్ల పరిశోధన తర్వాత ప్రయోగశాలలోని పరికరం నాకు చెప్పింది కూడా ఆ మాటే.'"

పేజీ మూశారు.

"బుచ్చవ్వ మీకేమైతది కమలాకర్ గారూ?"

కమలాకర్ గారు తన వ్యాసంలోని ఆ వాక్యాలు వినడం అదే మొదటిసారి. ఆయన నోరు తెరిచారు. తొట్టిలో పదమూడు నోళ్లు ఆయనకు తోడుగా తెరుచుకున్నాయి. మాట మాత్రం ఎవరికీ రాలేదు.

పద్మశ్రీకి వచ్చింది.

"బుచ్చవ్వనా!" ఆమె ముఖం కందిపోయింది. "మా ఇంట్ల బుచ్చవ్వలు ఎవ్వరు లేరు మేడం! మా అత్తగారోళ్లు దివాణం వాళ్లు. సార్ నాయనమ్మ పేరు రాజ్యలక్ష్మీదేవి. కాలు కింద పెట్టకుంట మేనాల తిరిగినామె. ఆమె కాలువకు పోయి నీళ్లు ముంచుడేంది! ఎవరో మా పరువు తియ్యాలని రాసిన్రు!"

"రాసింది సారే గదమ్మా," అన్నారు కృపారాణి మెత్తగా.

కమలాకర్ గారి ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితంలో ఇంత శాస్త్రీయమైన సమస్య ఎన్నడూ ఎదురు కాలేదు. మేనా కావాలంటే పేపర్ వదులుకోవాలి. పేపర్ కావాలంటే మేనా దిగాలి. పేపర్ లేకపోతే డీన్ పదవి లేదు. మేనాను ఇంతవరకు ఏ విశ్వవిద్యాలయమూ ప్రమోషన్‌కు పరిగణించలేదు.

ఆయన మేనా దిగారు.

"మా అవ్వనే మేడం!" ముప్పై ఏళ్లుగా రేడియో గొంతు కింద అణిగి ఉన్న భాష ఒక్కసారిగా బయటికి దూకింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. "సొంత అవ్వ! నన్ను సంకల ఎత్తుకొని కాలువకు తీస్కపోయేది. ఏం నత్తలు మేడం, ఏం నత్తలు!"

"ఏందండీ!" పద్మశ్రీ సోఫాలో కూలబడింది. "మరి మేనా?"

"మేనా సంగతి తర్వాత మాట్లాడుదాం."

"మంచిది," అన్నారు కృపారాణి. "ఏ ఊరు కాలువ?"

"ఊరు..." ఆయన చూపు హాలంతా తిరిగి నిరోష దగ్గర ఆగింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. "నిరోషది మా ఊరే మేడం! అవ్వ సంగతులన్నీ ఈ పిల్లకు ఎరుకే. చెప్పు నిరోషా. బుచ్చవ్వ నాకు అవ్వ అవునా కాదా, మేడంకు చెప్పు."

నిరోష చూపు మళ్లీ టీపాయ్ కిందికి పోయింది.

సార్ వంగి, పాత పేపర్లు పక్కకు తోసి, టీపాయ్ కింది నల్ల అట్ట పుస్తకాన్ని లాగారు. రెండు నెలలుగా దొరకని పేజీ రెండు క్షణాల్లో దొరికింది. సుదర్శన్ జేబులోంచి కలం లాక్కుని సంతకం చేశారు. "చూడండి మేడం, మా ఊరి పిల్ల. ఎంత చక్కని థీసిస్! ఇప్పుడే, మీ ఎదురుగానే పంపిస్తున్న." పుస్తకాన్ని టీపాయ్ మీద ముందుకు జరిపారు గానీ అరచెయ్యి దాని మీదినుంచి తీయలేదు. "ఇగ చెప్పమ్మా."

ఊళ్లో బుచ్చవ్వకు డెబ్బై నాలుగేళ్లు. ముగ్గురు మనవరాళ్లు, మనవడు లేడు. ఈ సాయంత్రం ఆమెకు తెలియకుండా, యాభై ఎనిమిదేళ్ల మనవడు పుట్టాడు.

నిరోష ట్రే కింద పెట్టింది. చున్నీకి చెయ్యి తుడుచుకుంది. సంతకం పక్కన ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టింది.

సార్ అటు చూశారు. తేదీ! గబగబా తేదీ వేశారు.

వేలు కొంచెం కిందికి జరిగింది. సీలు! సుదర్శన్ నిద్రలో కూడా దాన్ని జేబులోనే పెట్టుకుంటాడు. తీసి, నోటితో ఆవిరి ఊది, గట్టిగా ఒత్తాడు. నిరోష వంగి సీలు మీది అక్షరాలు చదివింది. సంవత్సరం సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. సిరా ఆరేదాకా ఆగింది. కాలువ గట్ల మీద ఆరేళ్లు కూర్చున్న మనిషికి ఆగడం ఒక లెక్కా?

"చెప్పు మరి!" అన్నారు సార్.

"చెప్పు నిరోషా," అన్నాడు సుదర్శన్.

"కాదని చెప్పు!" అన్నది పద్మశ్రీ.

కృపారాణి తలుపుకు అడ్డంగా ఉన్నానేమోనని ఒక అడుగు పక్కకు జరిగారు.

నిరోష సార్ అరచేతి కిందినుంచి పుస్తకాన్ని మెల్లగా లాగింది. రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. బుచ్చవ్వ మనవరాలు తలుపు తీసి, చెప్పులు తొడుక్కుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.